పార్కింగ్ నోటీసుకు జవాబు



ఈ వేళ బ్రిటన్‌లో ఉంటున్న మన తెలుగువాళ్లకు వచ్చే ఒక ఉత్తరం గురించి మాట్లాడుకుందాం. సూపర్‌మార్కెట్టుకెళ్లి పాలు, బియ్యం తెచ్చుకున్న వారం పది రోజులకు అది తలుపు సందులోంచి లోపల పడుతుంది. విప్పితే పైన లావుపాటి అక్షరాలతో 'పార్కింగ్ చార్జ్ నోటీస్' అని ఉంటుంది. కింద మీ కారు ఫొటోలు రెండు. ఒకటి లోపలికొస్తున్నప్పుడు తీసింది, రెండోది బయటికి పోతున్నప్పుడు తీసింది. నంబరు ప్లేటును పెద్దది చేసి పక్కన విడిగా వేస్తారు. ఫొటోల కింద గంటలు, నిమిషాలు, సెకన్లతో సహా టైము. ఆ కింద అసలు సంగతి: 100 పౌండ్లు కట్టండి, 14 రోజుల్లోపు కడితే 60తో సరిపెడతాం.

అది చూడగానే కొత్తగా వచ్చినవాళ్లకు గుండె గుభేలుమంటుంది. నాకు ఫోన్ చేసే పిల్లలు ముందు అడిగే మాట ఒకటే: "అంకుల్, దీనివల్ల వీసాకేమైనా ఇబ్బందా?" ఆ భయం ముందు తీర్చేద్దాం. ఈ ఉత్తరం పోలీసులు పంపింది కాదు, కోర్టు పంపింది కాదు, కౌన్సిల్ పంపింది కాదు. ఆ స్థలాన్ని చూసుకునే ఒక ప్రైవేటు కంపెనీ పంపింది. బోర్డు మీద రాసిన షరతులకు ఒప్పుకునే మీరు కారు ఆపారు, ఆ షరతు తప్పారు, కాబట్టి మాకింత రావాలి అని అడుగుతోంది. నేరం కాదు. లైసెన్సు మీద పాయింట్లు పడవు. పోలీసు రికార్డు ఉండదు.

వీధిలో పసుపు గీతల మీద ఆపితే కౌన్సిల్ వేసేది వేరు. దాని పేరు పెనాల్టీ చార్జ్ నోటీస్. 2004 నాటి ట్రాఫిక్ మేనేజ్‌మెంట్ చట్టం కింద వస్తుంది, దాని అప్పీలు దారి వేరు. రెండింటినీ పొడి అక్షరాల్లో పీసీఎన్ అనే అంటారు. ఈ పోలిక వల్ల జనం కంగారు పడితే ప్రైవేటు కంపెనీలకు వచ్చే నష్టమేమీ లేదు కాబట్టి, పేరు మార్చుకుందామని వాళ్లకు పెద్ద ఆరాటం కూడా లేదు. అందుకని ముందు ఉత్తరం ఎవరు పంపారో చూడండి. కౌన్సిల్ పేరుంటే ఈ వేళ నేను చెప్పేది దానికి వర్తించదు. ఇంకో మాట, ఇదంతా ఇంగ్లండు, వేల్స్ సంగతి. స్కాట్లండులో, ఉత్తర ఐర్లండులో చట్టం వేరు.

ఉత్తరం రాగానే మనవాళ్లు రెండు రకాలుగా చేస్తారు. పీడా విరగడైపోతుందని ఆ రాత్రే ఫోన్లో 60 పౌండ్లు కట్టేసేవాళ్లు కొందరు. వాట్సాప్ గ్రూపులో ఎవరో అన్న 'అదంతా ఉత్తిదే బ్రో, పట్టించుకోకు' అనే మాట నమ్మి చెత్తబుట్ట దాఖలు చేసేవాళ్లు కొందరు. కట్టేస్తే అప్పీలు చేసుకునే హక్కు అక్కడితో పోయినట్టే. పారేస్తే ఏమవుతుందో తర్వాత చెబుతాను. ఈ రెంటికంటే మేలైనది జవాబు రాయడం. గడువులోగా, రాతపూర్వకంగా, కోపం లేకుండా.

పట్టించుకోవద్దనే సలహా ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పుకోవాలి. ఒకప్పుడు అది సరైన సలహాయే. 2012కి ముందు ఇక్కడ ప్రైవేటు స్థలాల్లో కారు చక్రానికి ఇనుప తాళం వేసేవారు. క్లాంపింగ్ అంటారు. వందల పౌండ్లు అక్కడికక్కడే గుంజేవారు. జనం గగ్గోలు పెట్టారు. 2012లో ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టం వచ్చి, ఆ ఏడు అక్టోబరు 1 నుంచి ఆ తాళాలను నిషేధించింది. అయితే కంపెనీలనూ ఉత్త చేతులతో పంపలేదు. అంతవరకు కారు ఎవరు నడిపారో తెలియకపోతే వాళ్లు ఎవరినీ అడగలేకపోయేవారు. కొత్త చట్టం నాలుగో షెడ్యూలు, కొన్ని షరతులు పాటిస్తే ఆ డబ్బు కారు రిజిస్టర్డ్ కీపర్ని, అంటే లాగ్‌బుక్‌లో పేరున్న మనిషిని, అడగొచ్చంది. కార్ల రిజిస్ట్రేషన్లు చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్ఏకు ఒక్కో కారుకు రెండున్నర పౌండ్లు కట్టి కీపర్ పేరు, చిరునామా తెచ్చుకుంటారు. ఏడాదికి ఇలాంటి వాకబులు కోటికి పైనే వెళ్తున్నాయి. ఆ చట్టానికి ముందు కారు నడిపినవాళ్ల సలహా ఇప్పటికీ నోటి నుంచి నోటికి తిరుగుతూనే ఉంది.

దానికి తోడు ఒక కోర్టు తీర్పు కూడా వచ్చింది. ఎసెక్స్‌లో బారీ బీవిస్ అని ఫిష్ అండ్ చిప్స్ దుకాణదారు. 2013 ఏప్రిల్‌లో చెల్మ్స్‌ఫర్డ్‌లోని ఒక రిటైల్ పార్కులో కారు పెట్టాడు. రెండు గంటలు ఉచితం. అతను 56 నిమిషాలు ఎక్కువ ఉన్నాడు. పార్కింగ్‌ఐ కంపెనీ 85 పౌండ్లు అడిగింది. 'ఉచితంగా ఇచ్చే చోట నేను కాసేపు ఎక్కువుంటే మీకు నష్టమేముంది? ఇది నష్టపరిహారం కాదు, శిక్ష' అని అతని వాదన. వినడానికి న్యాయంగానే ఉంది కదా? కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2015 నవంబరులో ఏడుగురు న్యాయమూర్తుల్లో ఆరుగురు కంపెనీ వైపే మొగ్గారు. చోటు ఖాళీ అవుతుండాలి, దుకాణాలకు కొత్తవాళ్లు వస్తుండాలి, అందుకోసం ఇంత రుసుము పెట్టడం తప్పు కాదన్నారు. కాని ఆ తీర్పులో మనకు పనికొచ్చే ముక్క కూడా ఉంది. అక్కడ బోర్డులు పెద్దవి, కొట్టొచ్చినట్టు కనబడేవి, 85 పౌండ్లన్న అంకె స్పష్టంగా చదవగలిగేది అని కోర్టు పట్టిపట్టి చెప్పింది. మరి మీరు ఆపిన చోట అలా ఉందా? చెట్టుకొమ్మ వెనక, చీకట్లో, చీమ తలకాయంత అక్షరాలతో ఉంటే ఆ తీర్పు కంపెనీకి అంతగా అక్కరకు రాదు. అందుకే ఉత్తరం వచ్చిన మర్నాడే, వీలైతే మీరు ఆపిన వేళకే, మళ్లీ అక్కడికెళ్లి బోర్డుల ఫొటోలు తీయండి. దారిలో ఎక్కడుంది, కారులో కూర్చున్నవాడికి కనిపిస్తుందా, రాత్రైతే దీపం ఉందా అన్నవి ఫొటోలో తెలియాలి.

ఇప్పుడు తేదీలు. లెక్క కాస్త విసుగే, కాని చాలా కేసులు తేలేది ఇక్కడే.

అద్దం మీద ఏమీ అంటించకుండా కెమెరా చూసి ఉత్తరం పంపారనుకోండి. మీరు కారు పెట్టిన రోజు తర్వాతి రోజు నుంచి లెక్కేసి 14 రోజుల్లోపు ఆ నోటీసు కీపర్ చిరునామాకు అందాలి. పోస్టులో వేసిన తర్వాత రెండో పనిదినానికి అందినట్టు లెక్క. అంటే ఉత్తరం మీద వేసిన తేదీ ఒక్కటే చూస్తే చాలదు, ఆ రెండు పనిదినాల లెక్కలో శని ఆదివారాలు, సెలవులు తీసేసి చూడాలి. అద్దం మీద ముందే కాగితం అంటించి ఉంటే లెక్క మారుతుంది. కీపర్‌కు ఉత్తరం 28 రోజులు గడిచాక, 56 రోజుల్లోపు రావాలి. గడువు తప్పితే నోటీసు మొత్తం చెల్లదని కాదు. కీపర్ అయినందుకు మీరే కట్టాలనే హక్కు ఆ కంపెనీకి ఉండదు. అప్పుడు వాళ్లు నడిపిన మనిషినే అడగాలి. నడిపిందెవరో వాళ్లకు తెలియదు.

కాబట్టి జవాబులో 'నేను ఆపాను', 'నేను షాపుకెళ్లాను' అని రాయకండి. 'డ్రైవర్' అనే రాయండి. స్పీడు కేసుల్లో ఎవరు నడిపారో పోలీసులకు చెప్పి తీరాలి. ప్రైవేటు కంపెనీకి చెప్పాలనే చట్టం లేదు. అలాగని అబద్ధం రాయొద్దు. నడిపింది మీరై ఉండి 'నేను నడపలేదు' అని రాస్తే, రేపు కోర్టులో ఇదంతా నిజమని సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడు అసలుకే మోసం వస్తుంది. చెప్పకపోవడం వేరు, అబద్ధం చెప్పడం వేరు.

రైల్వే స్టేషన్లు, విమానాశ్రయాల్లాంటి చోట్ల సొంత ఉపచట్టాలుంటాయి. అలాంటి స్థలాలకు ఈ కీపర్ బాధ్యత వర్తించదు. మనవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. ఎందుకంటే అమ్మానాన్నలను హైదరాబాద్ విమానం ఎక్కించడానికి హీత్రో టెర్మినల్ గుమ్మం దాకా తీసుకెళ్లేది మనమే. 2021 నవంబరు నుంచి అక్కడ దింపడానికి రుసుము ఉంది. వసూలు చేసే మనిషి ఉండడు, అడ్డకర్ర ఉండదు. మర్నాడు అర్ధరాత్రిలోగా ఆన్‌లైన్‌లో మనంతట మనమే కట్టాలి. ఏడ్చి, చేతులూపి ఇంటికొచ్చే హడావుడిలో మరిచిపోతాం. ఫోన్లో అలారం పెట్టుకోండి.

అప్పీలు ఉత్తరం పెద్దదిగా ఉండక్కర్లేదు. తెలుగులో చెప్పాలంటే ఇంతే: 'ఫలానా నంబరు కారుకు నేను రిజిస్టర్డ్ కీపర్ని. ఫలానా తేదీన మీరు పంపిన నోటీసును నేను ఒప్పుకోవడం లేదు. మీరు చట్టంలోని నాలుగో షెడ్యూలు షరతులు పాటించలేదు. అక్కడి బోర్డులు చదవడానికి వీలుగా లేవు, ఫొటోలు జతచేశాను. డ్రైవర్ ఆ రోజు డబ్బు కట్టిన రసీదు కూడా జతచేశాను. నోటీసు రద్దు చేయండి, లేదంటే స్వతంత్ర అప్పీలుకు కావలసిన కోడ్ పంపండి.' వీటిలో మీకు నిజంగా వర్తించేవే ఉంచండి. నోటీసు తేదీ నుంచి 28 రోజుల్లోపు పంపాలి. మొదటి 14 రోజుల్లోనే పంపితే ఇంకా మంచిది, అప్పీలు కొట్టేసినా తగ్గింపు ధరకు మరో 14 రోజులివ్వాలని వాళ్ల నియమావళిలోనే ఉంది. కంపెనీ వెబ్‌సైటులో పంపితే, పంపినట్టు వచ్చిన తెర ఫొటో దాచుకోండి.

కారణాలు చాలా మామూలువే ఉంటాయి. ఒకటి నాకు మరీ ఇష్టం, ఎందుకంటే కెమెరా తెలివి ఎంతో అది చెబుతుంది. లెస్టర్‌లో ఒక కుర్రాడు పొద్దున పదింటికి జిమ్ పక్కనున్న దుకాణానికి వెళ్లి పావుగంటలో బయటికొచ్చాడు. సాయంత్రం నాలుగింటికి అదే చోటికి మళ్లీ వెళ్లాడు. కెమెరా మొదటిసారి బయటికి పోవడాన్నీ, రెండోసారి లోపలికి రావడాన్నీ పట్టుకోలేదు. పదింటి రాకకూ నాలుగింటి తర్వాతి పోకకూ ముడిపెట్టి, ఆరు గంటలకు పైగా అక్కడే ఉన్నాడని నోటీసు పంపారు. ఆ మధ్యలో అతను పనిచేసే చోట కార్డు గీసి హాజరు వేసుకున్న రికార్డు ఉంది. ఫోన్లో గూగుల్ మ్యాప్స్ టైమ్‌లైన్ ఉంది. ఆ రెండూ జతచేసి నాలుగు వాక్యాలు రాశాడు. రద్దయింది.

మెషీన్లో నంబరు కొట్టేటప్పుడు సున్నాకు బదులు 'ఓ' అక్షరం కొట్టామనుకోండి. అలాంటి చిన్న పొరపాటుకు నోటీసు రద్దు చేయాలి. పూర్తిగా ఇంకో కారు నంబరు కొట్టి డబ్బు కట్టి ఉంటే, రుజువు చూపిస్తే 20 పౌండ్లకు దించాలి. గడువు దాటాక సాధారణంగా కనీసం 10 నిమిషాలు ఓర్చుకోవాలి. ఇవన్నీ 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన పరిశ్రమ ఉమ్మడి నియమావళిలో ఉన్నాయి. డెర్బీలో సిగ్నల్ అందక పార్కింగ్ డబ్బు కట్టడానికి అయిదు నిమిషాలకంటే ఎక్కువ పట్టిందని ఒకావిడ మీద 1,906 పౌండ్లకు దావా వేశారు. పత్రికల్లో గోల లేచింది, దావా వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత 2025 ఫిబ్రవరిలో, కెమెరా ఉన్న చోట్ల బయటికి వెళ్లేలోగా డబ్బు కడితే ఆలస్యమైందన్న కారణంతో నోటీసు వేయకూడదని నియమం మార్చారు.

ఇంత రాతా కోతా లేకుండా పని అయ్యే దారి ఒకటుంది. మీరు సామాను కొన్న దుకాణం మేనేజరును కలవండి. హైదరాబాద్ మాల్‌లో బిల్లు చూపించి పార్కింగ్ డబ్బులు కట్టకుండా బయటపడిన అలవాటు మనకుంది కదా, అదే ఇక్కడా చూపించండి. బిల్లు లేకపోతే బ్యాంకు స్టేట్‌మెంటు. పార్కింగ్ కంపెనీని తెచ్చి పెట్టుకున్నది ఆ స్థలం యజమాని. అతను రద్దు చేయమంటే చాలా చోట్ల రద్దు చేస్తారు. హాస్పిటల్‌ అయితే రోగుల ఫిర్యాదులు చూసే విభాగం ఉంటుంది. అపాయింట్‌మెంటు ఆలస్యమైందని చూపే కాగితం తీసుకెళ్లండి. అక్కడ గట్టిగా మాట్లాడొద్దు. కౌంటర్ దగ్గర నిలబడ్డ అమ్మాయి ఆ నోటీసు పంపలేదు.

అన్ని నోటీసులతోనూ పోరాడాలని నేననను. పక్క ఇంటివాళ్ల పర్మిట్ చోట పెట్టి సినిమాకెళ్లిపోయి, బోర్డు స్పష్టంగా ఉండి, ఉత్తరం సమయానికి వచ్చి ఉంటే 60 పౌండ్లు కట్టేయండి. దివ్యాంగుల చోట ఆపినవాళ్లకైతే నేను సలహా కూడా ఇవ్వను.

కంపెనీ అప్పీలు కొట్టేస్తే బెంగపడకండి. వాళ్ల అంగట్లో వాళ్లే న్యాయం చెప్పారు, అంతే. స్వతంత్ర అప్పీలు ఉంది. కంపెనీ బీపీఏ అనే పార్కింగ్ కంపెనీల సంఘంలో సభ్యురాలైతే పోప్లా అనే సంస్థకు, ఐపీసీ అనే ఇంకో సంఘంలో ఉంటే ఐఏఎస్ అనే సంస్థకు వెళ్లొచ్చు. పోప్లాకు డబ్బు కట్టక్కర్లేదు, గడువు 28 రోజులు. అక్కడ గెలిస్తే కంపెనీ తలొగ్గాల్సిందే. ఓడితే మీరు కట్టి తీరాలనేమీ లేదు, కోర్టులో మళ్లీ వాదించుకోవచ్చు. కాకపోతే తగ్గింపు ధర అప్పటికి పోయినట్టే. స్థలం యజమానితో కంపెనీకి ఒప్పందం ఉందో లేదో చూపించమని అడగాల్సింది ఇక్కడే.

ఆ తర్వాత ఎర్ర అక్షరాల ఉత్తరాలు మొదలవుతాయి. వంద కాస్తా 170 అవుతుంది, అప్పు వసూలు ఖర్చని 70 కలుపుతారు. ఈ 70 పౌండ్ల మీద పార్లమెంటు దాకా వాదన నడిచింది. 2019లో వచ్చిన చట్టం ప్రకారం ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో ఒక కోడ్ ప్రకటించి, ఈ అదనపు రుసుమును తీసేయబోయింది. చాలా చోట్ల నోటీసు మొత్తాన్ని 50 పౌండ్లకు దించబోయింది. కంపెనీలు కోర్టుకెక్కాయి. జూన్‌లో కోడ్ వెనక్కి వెళ్లింది. 2025 జులైలో మళ్లీ ప్రజాభిప్రాయం అడిగారు. ఇన్నేళ్లూ ఆ 70 మాత్రం ఉత్తరాల మీద ఉంటూనే వచ్చింది.

వసూలు కంపెనీలు ఉత్తరం రాయగలవు, ఫోన్ చేయగలవు. మీ ఇంట్లో సామాను ముట్టుకునే అధికారం వాళ్లకు లేదు. వాళ్లతో మాటలు పెంచుకోకండి. ఉత్తరాలు మాత్రం ఒక ఫైల్లో పెట్టండి. ఎందుకంటే వాటి మధ్యలోనే ఒకటి వేరే రకంది వస్తుంది. 'లెటర్ బిఫోర్ క్లెయిమ్' అని ఉంటుంది. దానికి 30 రోజుల్లోపు జవాబివ్వాలి, అప్పు ఒప్పుకోవడం లేదని, ఎందుకో రాయాలి. ఆ తర్వాత కౌంటీ కోర్టు నుంచి క్లెయిమ్ ఫారం రావచ్చు. ఆ కవరు మీదే ప్రాణం పెట్టి చూడండి. అందిన 14 రోజుల్లోపు అందిందని ఆన్‌లైన్‌లో చెబితే, జవాబు దాఖలుకు మొత్తం 28 రోజులు దొరుకుతాయి. చిన్న మొత్తాల దావా కాబట్టి మీ ఊరికి దగ్గరి కోర్టుకే మారుస్తారు. 2024 మే నుంచి ముందుగా ఫోన్లో ఒక గంట ఉచిత మధ్యవర్తిత్వం తప్పనిసరి చేశారు. కేసు దాకా వెళ్లి ఓడినా పడే ఖర్చు పరిమితంగానే ఉంటుంది. 35 పౌండ్ల కోర్టు ఫీజు, లాయరుకు నిర్ణీతమైన 50, వడ్డీ లాంటివి. జీవితాలు తలకిందులయ్యే మొత్తం కాదు.

తలకిందులు చేసేది ఇంకోటి ఉంది. క్లెయిమ్ ఫారం పాత అద్దె గదికి వెళ్లి, మీకు తెలియకుండానే 28 రోజులు గడిచిపోవడం. మీరు పలకలేదు కాబట్టి కోర్టు కంపెనీ కోరినట్టే తీర్పు ఇచ్చేస్తుంది. దాన్నే కౌంటీ కోర్టు జడ్జ్‌మెంట్, పొట్టిగా సీసీజే అంటారు. తీర్పు వచ్చిన నెలలోగా మొత్తం కట్టేస్తే రికార్డు నుంచి పోతుంది. లేదంటే ఆరేళ్లు ఉంటుంది. ఇల్లు కొనడానికి బ్యాంకుకెళ్లిన రోజునో, అద్దె ఏజెంటు క్రెడిట్ చూసిన రోజునో బయటపడుతుంది. దాన్ని రద్దు చేయించుకోవాలంటే కోర్టుకు వందల పౌండ్ల ఫీజు, వాదన, సెలవులు.

ఈస్ట్ హామ్‌లోనూ, హాట్‌ఫీల్డ్‌లోనూ ఒక్కో గదిలో నలుగురుండి, ఆరు నెలలకో చిరునామా మార్చే మన పిల్లలే దీనికి ఎక్కువ చిక్కుతారు. లాగ్‌బుక్‌లో చిరునామా మార్చడం ఉచితం. లైసెన్సులో వేరుగా మార్చాలి, ఒకటి మారిస్తే రెండోది దానంతటది మారదు. కోర్సు అయిపోయి ఇండియా వెళ్తూ కారు ఫ్రెండ్‌కు అమ్మేస్తుంటే, 'తమ్ముడూ, తర్వాత మార్చుకో' అని తాళం చేతిలో పెట్టేసి పోకండి. డీవీఎల్ఏ వెబ్‌సైటులో అమ్మినట్టు మీరే అప్పటికప్పుడు నమోదు చేయండి, వచ్చిన ఈమెయిలు దాచుకోండి. విజయవాడలో ఉద్యోగం చేసుకుంటున్న మీ పేరు మీద కొవెంట్రీలో పార్కింగ్ నోటీసులు రాకుండా ఉంటాయి.